వంద రూపాయల బిల్లులో సిస్టరు వాటా రూపాయిన్నర

ముందుగా నా తప్పొకటి ఒప్పేసుకుంటే మిగతాది రాయడం తేలికవుతుంది. మూడు నెలల క్రితం హైదరాబాదులో ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రి నాలుగో అంతస్తులో, పాతికేళ్ళు కూడా ఉండవేమో, ఓ సిస్టరు మీద నోటికొచ్చినట్టు అరిచాను. ఎందుకయ్యా అంటే గ్లవ్స్ కోసం. నాన్నకి న్యుమోనియా. ఆరు రోజులు ఐసీయూలో ఉండి ఆ పూటే రూముకి మార్చారు. కౌంటర్లో ఇచ్చిన మధ్యంతర బిల్లు తిరగేస్తుంటే గ్లవ్స్ లెక్క కనబడింది. 190 జతలు. "ఒక్క మనిషికి నూట తొంభై జతలా? ఏం చేస్తున్నారమ్మా వాటిని, కూర వండుకుంటున్నారా?" అని అడిగాను. వార్డంతా తిరిగి చూసింది. ఆ అమ్మాయి తల దించుకుని "సిస్టమ్‌లో ఆటోమేటిగ్గా పడతాయి సార్" అంది.

ఆ మాటకైనా నేనక్కడ ఆగిపోవాల్సింది. ఎందుకంటే అలాంటి సిస్టమ్‌ని రాసిన పాపాత్ముల్లో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

మా అక్క స్టాఫ్ నర్సు. ఖమ్మంలో జీఎన్ఎమ్ చదివి హైదరాబాదు వచ్చింది. పదిహేడేళ్ళుగా ప్రైవేటు ఆసుపత్రుల్లోనే, అందులో పదకొండేళ్ళు ఐసీయూల్లోనే. (మరి నాన్నని అక్క వాళ్ళ ఆసుపత్రిలోనే చేర్చొచ్చుగా అంటారేమో. అది ఊరికి ఆ చివర. నాన్నకి ఆయాసం మొదలైంది రాత్రి రెండింటికి. దగ్గర్లో ఉన్నదీ, మా కంపెనీ పాలసీ నెట్‌వర్కులో ఉన్నదీ ఇదొక్కటే.) సాయంత్రం అక్క రాగానే నా ఘనకార్యం వినిపించాను, శభాష్ అంటుందని.

"ఒరేయ్, ఐసీయూలో ఒక పేషెంటుకి రోజుకి ముప్పై జతలు నిజంగానే అయిపోతాయి. సక్షన్ చేసినప్పుడల్లా, లైన్ ముట్టుకున్నప్పుడల్లా, మనిషిని పక్కకి తిప్పినప్పుడల్లా మారుస్తాం. మార్చకపోతే పక్క బెడ్డాయన రోగం నాన్నకి అంటుకునేది. అంటే ఆ పిల్ల పని సరిగ్గా చేసినందుకు అరిచావన్నమాట" అంది. తర్వాత బిల్లు నా చేతిలోంచి లాక్కుని ఓ నిమిషం చూసి, "ఎన్ని జతలని కాదురా అడగాల్సింది. జత ఎంతకి వేశారని అడగాలి" అంది.

నాకు మాట పడిపోయింది. ఎందుకంటే ఆ కాలమ్ వంక నేను అసలు చూడనేలేదు.

2017లో గుర్‌గావ్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో డెంగ్యూకి చికిత్స తీసుకున్న ఏడేళ్ళ పాప చనిపోయినప్పుడు కూడా జరిగింది ఇదే. పదిహేను రోజులకి 16 లక్షల బిల్లు, అందులో 2,700 గ్లవ్స్ అని దేశమంతా గగ్గోలు. అందరి నోటా గ్లవ్స్ సంఖ్యే. ఆ గొడవ తర్వాత జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ (మందుల రేట్లకి గరిష్ట పరిమితి పెట్టే ప్రభుత్వ సంస్థ ఇదే) ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తెప్పించి లెక్క కట్టింది. 2018 ఫిబ్రవరిలో ఆ లెక్క బయటపెట్టింది. అందులో త్రీ వే అనే ఒక వస్తువుంది. సెలైన్ గొట్టానికీ చేతికి గుచ్చిన క్యాన్యులాకీ మధ్య తగిలించే చిన్న ప్లాస్టిక్ కుళాయి, ఇటు తిప్పితే సెలైను, అటు తిప్పితే ఇంజెక్షను. అది ఆసుపత్రి కొన్నది 5 రూపాయల 77 పైసలకి. పేషెంటుకి వేసింది 106 రూపాయలకి. లాభం 1,737 శాతం. కావాలంటే మీరే క్యాలిక్యులేటర్ తీసి చూస్కోండి, లెక్క సరిగ్గానే ఉంటుంది.

నాన్న బిల్లులో అదే త్రీ వే 118 రూపాయలు. ఆరు సార్లు మార్చారు. ఇన్‌ఫెక్షన్ రాకుండా మార్చాల్సిందేనంట, అక్క చెప్పింది.

సరే, డిశ్చార్జ్ రోజుకి మొత్తం బిల్లు 6,42,000 రూపాయలు తేలింది. (చిల్లర తీసేశాను.) ఇన్సూరెన్స్ వాళ్ళు 4,63,000 ఒప్పుకున్నారు. మిగతా 1,79,000 నేను కట్టాను. ఆ ఆదివారం అక్క నైట్ డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికే వచ్చి, టీ తాగుతూ, 31 పేజీల బిల్లు మీద ఎర్ర పెన్నుతో కూర్చుంది. నేను పక్కన లాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచాను, మనకి అంతకన్నా ఏమొచ్చు గనక.

ఐసీయూ బెడ్డు రోజుకి 18,000 చొప్పున ఆరు రోజులు, రూము రోజుకి 9,000 చొప్పున మూడు రోజులు, వెరసి 1,35,000. డాక్టర్ల విజిట్లు 58,000. రక్త పరీక్షలూ ఎక్స్‌రేలూ సీటీ స్కానూ కలిపి 1,12,500. బైపాప్ మెషిను, మానిటరు, సిరంజి పంపు వగైరా అద్దెలు 53,000. మందులూ, అక్క వాళ్ళు కన్స్యూమబుల్స్ అనే పారేసే సామానూ కలిపి 2,61,000. చివర్లో ఎక్కడో ఓ మూల "నర్సింగ్ ఛార్జెస్" అని ఐసీయూకి రోజుకి 3,000, రూముకి 1,500, మొత్తం 22,500.

"ఈ లైన్ చూడు" అంది అక్క. "ఇది మాదంట."

ఆ ఆసుపత్రిలో అక్కకి తెలిసినవాళ్ళున్నారు. అక్కడ రెండు మూడేళ్ళ అనుభవమున్న ఐసీయూ సిస్టరు జీతం 26,000. నెలకి 26 డ్యూటీలు. అంటే షిఫ్టుకి వెయ్యి రూపాయలు. రోజుకి మూడు షిఫ్టులు కాబట్టి ఒక కుర్చీకి మూడు వేలు. ఆ సిస్టరు చూసేది ఇద్దరు పేషెంట్లని (వెంటిలేటర్ మీదున్న మనిషికైతే ఒకరికొకరు ఉండాలి, అది పుస్తకంలో మాట). కాబట్టి నాన్నని 24 గంటలూ కనిపెట్టుకున్నందుకు సిస్టర్లకి ముట్టింది రోజుకి 1,500, ఆరు రోజులకి 9,000. రూములో ఒక సిస్టరుకి ఎనిమిది మంది, కాబట్టి రోజుకి 375, మూడు రోజులకి 1,125. మొత్తం 10,125 రూపాయలు.

6,42,000లో 10,125. నూటికి రూపాయిన్నర, ఇంకో ఏడెనిమిది పైసలు.

నర్సింగ్ ఛార్జెస్ అని పేరు పెట్టి వసూలు చేసిన 22,500లోనే సగం కూడా నర్సుల దాకా రాలేదన్నమాట. పీఎఫ్, సెలవులు, హాస్టలు, యూనిఫామ్ అని ఆసుపత్రి వాళ్ళు అడ్డం పడతారు. పడనివ్వండి. రెట్టింపు చేద్దాం. అప్పుడూ నూటికి మూడు రూపాయల చిల్లరే. మన కంపెనీలు క్లయింటుకి వేసే బిల్లింగ్ రేటు ఎంతో, మన జీతమెంతో చూసుకుని క్యాంటీన్లో కూర్చుని ఎంత కుళ్ళుకుంటాం? మన వాటా ఎంత తక్కువైనా వందలో రూపాయిన్నర మాత్రం కాదు.

ఆ తొమ్మిది రోజుల్లో నాన్నని బతికించిందేమిటి అని అడిగితే నేను చెప్పగలిగినవి మూడు. సరైన యాంటీబయాటిక్, ఆక్సిజను, అర్ధరాత్రి మూడింటికి సాచురేషన్ పడిపోతుంటే నిద్రపోకుండా చూసి డ్యూటీ డాక్టరుని లేపిన ఒక సిస్టరు. బిల్లులో అన్నిటికన్నా చవక ఆవిడే.

మరి అసలు డబ్బెక్కడికి పోయింది? పెద్ద ముక్క మందులూ సామానూ, 2,61,000. ఇక్కడ ఎమ్మార్పీ అనే మాయ గురించి చెప్పుకోవాలి. మనందరికీ ఓ గుడ్డి నమ్మకం, ఎమ్మార్పీ అంటే అంతకన్నా ఎక్కువకి అమ్మకుండా మనల్ని కాపాడే అంకె అని. ఆసుపత్రివాళ్ళు కూడా గుండె మీద చెయ్యేసుకుని "ఎమ్మార్పీకి పైసా ఎక్కువ తీసుకోలేదు సార్" అంటారు. నిజమే. అక్క నవ్వి "ఎమ్మార్పీ కంపెనీ వాడు రాసేది కాదురా, మా పర్చేజ్ డిపార్ట్‌మెంట్ రాయించేది" అంది. నెలకి లక్షల్లో సామాను కొనే ఆసుపత్రికి కంపెనీలు పోటీపడి వస్తాయి. మామూలు వ్యాపారంలోనైతే తక్కువ ధర చెప్పినవాడికి ఆర్డరు. ఇక్కడ కొనే రేటు తక్కువగానూ, అట్ట మీద అచ్చేసే రేటు ఎక్కువగానూ ఉన్నవాడికి ఆర్డరు. ఆ మధ్య ఖాళీయే ఆసుపత్రికి ఆదాయం. ధరల నియంత్రణ సంస్థ 2018 లెక్కలో చెప్పింది కూడా ఇదే, లాభం ఎక్కువగా వెళ్తున్నది తయారీదారుకి కాదు, ఆసుపత్రికని.

ఇంకో కిటుకుంది. 2013 నాటి ఔషధ ధరల ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికే ప్రభుత్వం గరిష్ట ధర పెడుతుంది. జాబితాలో లేనివాటికి ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదనే నిబంధనొక్కటే, మొదట ఎంత పెట్టుకోవాలో అడిగేవాడు లేడు. మొదటి రోజే పది రెట్లు పెట్టేస్తే ఇంక ఏడాదికి పది శాతంతో పనేంటి? నాలుగు ఆసుపత్రుల ఆ బిల్లుల్లో జాబితాలో ఉన్న మందుల వాటా 4 శాతం చిల్లర, లేని మందుల వాటా 25 శాతం పైన. యాదృచ్ఛికమని ఎవరైనా అంటే వాళ్ళకో నమస్కారం.

అయితే బయటి మెడికల్ షాపులో కొనుక్కోవచ్చుగా? 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మందులు ఎక్కడైనా కొనుక్కునే హక్కు రాసే ఉంది. 2019లో కేంద్రం దాన్ని రాష్ట్రాలకి పంపింది కూడా. 2025 మార్చిలో ఇదే విషయం మీద సుప్రీంకోర్టు ముందున్న పిటిషన్ తేలింది. తప్పనిసరి ఆదేశమేమీ లేదు, విధానం మీరే చూసుకోండని రాష్ట్రాలకి వదిలేసింది. హక్కు సంగతి అటుంచండి. మీ నాన్న ఐసీయూ లోపల, మీరు బయట కుర్చీలో, లోపలేం వాడుతున్నారో కూడా మీకు తెలియని స్థితిలో, ఏ షాపుకెళ్ళి ఏ చీటీ చూపిస్తారు? నేనైతే ఆ రాత్రి ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

ఇప్పుడు నా పాపం సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, 2009లో, నా మొదటి ప్రాజెక్టు ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్. నాకిచ్చింది వార్డు ఇండెంటూ బిల్లింగూ. క్లయింటు అడిగినవి చాలా ముచ్చటగా ఉండేవి. సిస్టరు "క్యాన్యులా వేయుట" అని ఒక్కటి నొక్కితే చాలు, దానికి సంబంధించిన తొమ్మిది వస్తువులు వాటంతటవే బిల్లులో పడాలి. గ్లవ్స్, దూది, స్పిరిట్ స్వాబ్, ప్లాస్టరు, త్రీ వే, అన్నీ. ఒక్కటే వాడినా తొమ్మిదీ పడతాయి. వాడని సామాను వెనక్కి పంపాలంటే? దానికి నాలుగు స్క్రీన్లు, వార్డు ఇన్‌ఛార్జి ఆమోదం, ఫార్మసీ ఆమోదం, కారణం కనీసం ఇరవై అక్షరాలు. దొంగతనాలు జరక్కుండా అని చెప్పారు. నమ్మాను. వాలిడేషన్లు బాగా రాశానని ఆ క్వార్టర్లో నాకో మెచ్చుకోలు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, ఇంట్లో ఇంకా ఉండాలి. ఎనిమిది మంది పేషెంట్లతో సతమతమయ్యే సిస్టరు రెండు సిరంజిలు వెనక్కివ్వడానికి నాలుగు స్క్రీన్లు దాటుతుందా లేదా అన్న ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు. క్లయింటుకి తట్టే ఉంటుంది.

నాన్నని ఐసీయూ నుంచి రూముకి మార్చినప్పుడు ఆయన బెడ్డు పక్క ట్రేలో పద్నాలుగు సిరంజిలు, రెండు యాంటీబయాటిక్ వయల్సు, సీల్ విప్పని నెబ్యులైజర్ మాస్కు మిగిలాయి. అక్క కళ్ళారా చూసింది. అవేవీ బిల్లులో వెనక్కి రాలేదు. "పాపం వాళ్ళకి టైమేది? నేనూ అంతే" అంది. నేను రాసిన స్క్రీన్లాంటిదే అక్క రోజూ వాడుతోందని నాకు ఆ ఆదివారమే తెలిసింది. పదేళ్ళుగా ఒకే ఇంట్లో పండగలు చేసుకుంటున్నాం, ఎప్పుడైనా దీని గురించి మాట్లాడుకుంటేగా!

ఆసుపత్రి యాజమాన్యాల వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. భూమి ఖరీదు, ఎమ్మారై మెషిన్లకి కోట్లు, పేరున్న డాక్టర్లకి నెలనెలా ఇంత అని గ్యారంటీ. దానికి తోడు ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఈ పథకం లక్షల మంది ప్రాణాలు నిలబెట్టింది, అందులో నాకు అనుమానం లేదు, మా పెద్దమ్మకి గుండె ఆపరేషన్ దాన్లోనే అయింది. కానీ బకాయిలు చెల్లించట్లేదని 2025లో తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ ప్రైవేటు ఆసుపత్రులు ఈ సేవలు కొన్నాళ్ళు ఆపేశాయి. అక్కడ రాని డబ్బు ఇక్కడ మన దగ్గర రాబట్టుకుంటున్నాం అంటారు.

ఒప్పుకుందాం. అలాంటప్పుడు ఆ ఖర్చుని బెడ్డు అద్దెలోనే చూపించొచ్చుగా? రోజుకి 18,000 బదులు 45,000 అని బోర్డు పెట్టొచ్చుగా? పెట్టరు. చేర్చేముందు మనం అడిగే ఒకే ఒక్క రేటు బెడ్డుది కాబట్టి. అక్కడ తక్కువ కనబడాలి. తర్వాత అడగలేని చోట, అడిగినా అర్థం కాని చోట, అడగడానికి మనసు రాని చోట రాబట్టుకోవాలి. త్రీ వే ధర ఎంతని అడిగి ఆసుపత్రి ఎంచుకున్నవాడు ఈ భూప్రపంచంలో లేడు. స్టెంట్లదీ అదే కథ. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందు పూసిన స్టెంటుకి 29,600 అని పరిమితి పెట్టింది. అంతకుముందు అవి లక్ష దాటి అమ్మేవాళ్ళు. స్టెంటు రేటు నిజంగానే పడింది. అయితే ఒక వస్తువు మీద మూత పెడితే బిల్లులో మిగతా లైన్లు ఖాళీగానే ఉన్నాయిగా, బెలూన్లు, క్యాథెటర్లు, ప్రొసీజర్ ఛార్జీలు! ఒక ఫీల్డుకి వాలిడేషన్ పెట్టి మిగతా ఫారమ్ గాలికొదిలేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా.

అసలు వెనక తోస్తున్నది ఎవరో చూడాలంటే ఒక పని చేయండి. మీలో సగం మంది షేర్లు కొంటారు కదా, స్టాక్ మార్కెట్లో ఉన్న ఏ ఆసుపత్రి కంపెనీదైనా త్రైమాసిక ఫలితాల ప్రెజెంటేషన్ తెరవండి. మొదటి నాలుగైదు స్లైడుల్లోనే ఏఆర్పీఓబీ అని ఉంటుంది. నిండిన ఒక్కో పడక మీద రోజుకి సగటు ఆదాయం. టెలికామ్ వాళ్ళకి ఒక్కో సిమ్ మీద ఆదాయం ఎలాగో ఇది అలాగ. ఆ పక్కనే పేషెంటు సగటున ఎన్ని రోజులున్నాడో. మొదటిది పెరగాలి, రెండోది తగ్గాలి, ఎందుకంటే పరీక్షలూ ప్రొసీజర్లూ అన్నీ మొదటి రోజుల్లోనే, తర్వాత మిగిలేది ఉత్త బెడ్డు అద్దే. పేషెంటు త్వరగా ఇంటికెళ్ళడం మంచిదే, కాదనను. కానీ ఆ పడక మీద పడుకున్నది మా నాన్న. ఆయన ఆయాసం తగ్గుతోందా లేదా అన్నది ఆ స్లైడులో ఎక్కడా లేదు.

యజమానులు కూడా మారిపోయారు. హైదరాబాదులో 1997లో గుండె డాక్టర్లు కలిసి పెట్టుకున్న కేర్ ఆసుపత్రుల సంగతే చూడండి (నాన్న ఉన్నది అక్కడ కాదు, యాజమాన్యం ఎలా మారుతుందో చెప్పడానికే ఈ ఉదాహరణ). 2012లో ఆడ్వెంట్ అనే విదేశీ పెట్టుబడి సంస్థ వచ్చింది, 2016లో అబ్రాజ్ కొంది, తర్వాత టీపీజీ చేతికెళ్ళింది, 2023లో బ్లాక్‌స్టోన్ కొన్నది. ఇలాంటి ఫండ్లు నాలుగైదేళ్ళు ఉంచుకుని లాభానికి అమ్మేయడానికే కొంటాయి, అది వాళ్ళ వృత్తి, తిట్టి లాభం లేదు. కానీ ఒక్కొక్కరు చేయి మారినప్పుడల్లా పైవాడు కట్టిన ధర మీద లాభం రావాలిగా. అది ఎక్కడ్నుంచి రావాలి? వార్డులో గోడలు పెంచలేరు. పడక మీద ఆదాయం పెంచాలి, పడక పక్కన నిలబడే మనిషి ఖర్చు తగ్గించాలి.

రెండోదాని గురించి సుప్రీంకోర్టు కూడా ఒకసారి అడిగింది. 2016 జనవరిలో కోర్టు చెప్తే కేంద్రం కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుకి ఆ రాష్ట్రంలో సర్కారు నర్సుకిచ్చే జీతమే ఇవ్వాలి, యాభై పడకల్లోపు చిన్న ఆసుపత్రైనా 20,000కి తగ్గకూడదు అని ఆ కమిటీ సిఫార్సు. ఇదయ్యి దాదాపు పదేళ్ళు. తెలంగాణలో 2022 డిసెంబరులో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు మూల వేతనమే 36,750 నుంచి మొదలు, దాని మీద డీఏ, ఇంటద్దె. నాన్న ఉన్న ఆసుపత్రిలో 200 పడకలకి చాలా ఎక్కువే ఉన్నాయి. జీతం 26,000. కేరళ నర్సులు సమ్మెలు చేసి 2018లో కనీస వేతనం 20,000కి తెచ్చుకున్నారు. మన దగ్గర సంఘం పెడదాం అన్న సిస్టరుకి మర్నాటి నుంచి వరసగా నైట్ డ్యూటీలు పడతాయి. అక్క స్నేహితురాలికి పడ్డాయి.

ఇక మన సంగతి. అక్క ఒక మాటంది, మీకు నచ్చకపోవచ్చు. "అందరికన్నా ఎక్కువ అరిచేది మీ సాఫ్ట్‌వేర్ వాళ్ళేరా. అందరికన్నా తక్కువ అడిగేదీ మీరే." అడ్మిషన్ కౌంటర్లో మొదటి ప్రశ్న "క్యాషా, ఇన్సూరెన్సా?" అని. మనం మెళ్ళో కంపెనీ ట్యాగు తీయకుండానే "ఇన్సూరెన్స్, క్యాష్‌లెస్" అంటాం. అక్కడితో మనకి ఏ రేట్ల పట్టిక తెరవాలో తేలిపోతుంది. తర్వాత "సింగిల్ రూమ్ ఇవ్వండి" అంటాం. రూము స్థాయి పెరిగితే అద్దె ఒక్కటే పెరగదు, అదే డాక్టరు విజిట్, అదే స్కానూ కూడా ఖరీదవుతాయి. పైగా పాలసీలో రూము అద్దెకి పరిమితి ఉంటే, డాక్టరు ఫీజుల్లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు. నేను కట్టిన 1,79,000లో కొంత అలా నా చేతులారా తెచ్చుకున్నదే. 9,000 రూమెందుకురా, షేరింగ్ రూములో సిస్టరు ఇంకా ఎక్కువసార్లు వస్తుంది అని అక్క మొదటి రోజే అంది. వింటేనా. ఆఫీసు వాళ్ళు చూడ్డానికొస్తారు, బావుండదు అనుకున్నాను.

క్యాష్‌లెస్ అంటే ఎవడి డబ్బూ కాదనుకుంటాం. మా కంపెనీలో అమ్మానాన్నల ప్రీమియం ప్రతి ఏడాదీ పెరుగుతూనే ఉంది, జీతంలోంచే కోస్తారు. మొన్న హెచ్ఆర్ మీటింగులో ఎందుకు పెరిగిందని అందరం ఎగబడ్డాం. క్లెయిములు పెరిగాయి అన్నారు. ఏ ఆసుపత్రి ఏ జబ్బుకి సగటున ఎంత బిల్లు వేసిందో మన క్లెయిముల లెక్క మాకివ్వండి, పేర్లు తీసేసే ఇవ్వండి అని నేనడిగితే గది నిశ్శబ్దం. ఇన్ని వేల మంది ఉన్న కంపెనీలకి ఆ లెక్క ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర్నుంచి తెప్పించుకోవడం పెద్ద పని కాదు. క్లౌడ్ బిల్లులో పది డాలర్లు పెరిగితే ఏ సర్వీసు తిన్నదో గంటలో కనిపెట్టే జనం మనం. ఈ బిల్లు దగ్గరికొచ్చేసరికి మొత్తం చూసి సంతకం పెట్టి, కోపమంతా 26,000 జీతగత్తె మీద దింపి ఇంటికొస్తాం.

మీ ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉంటే రోజూ సాయంత్రం ఆ రోజు బిల్లు అడగండి, మొత్తం కాదు, ఏ వస్తువు ఎన్ని, ఒక్కోటీ ఎంత అనేది. ఐసీయూ నుంచి మార్చేటప్పుడు మిగిలిన సామాను వెనక్కి రాసిన చీటీ అడగండి. సిస్టరుని కాదు, బిల్లింగ్ వాళ్ళని అడగండి. ఎవరో ఒకరు అడుగుతున్నారంటే మా పని కూడా తేలికవుతుంది, ఇన్‌ఛార్జి వెనక్కి పంపమని తనే చెప్తుంది అని అక్క అంటోంది.

నేను ఆ పద్నాలుగు సిరంజిలూ, రెండు వయల్సూ, మాస్కూ గురించి ఆసుపత్రికి మెయిల్ పెట్టాను. మూడు సార్లు గుర్తుచేశాక 11,340 రూపాయలు వెనక్కి వేశారు. త్రీ వే 118 ఎందుకన్నదానికి ఎమ్మార్పీ ప్రకారమే అని ఒక లైను జవాబు.

ఆ చెక్కు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు నాలుగో అంతస్తుకి కూడా వెళ్ళాను, ఆ సిస్టరుకి సారీ చెప్దామని. లేదు. మానేసిందట. జర్మనీ వెళ్ళడానికి భాష నేర్చుకుంటోందని ఇన్‌ఛార్జి చెప్పింది. ఆమె స్థానంలో ఇంకా ఎవర్నీ తీసుకోలేదట. ఆ వార్డులో ఒక సిస్టరుకి ఎనిమిది మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు పదకొండు మంది. నర్సింగ్ ఛార్జెస్ ఎంతని కింద కౌంటర్లో అడిగాను. రోజుకి 1,500, మారలేదు.